జీవసత్త్వముల శోధకుడు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున సంచికకొక జీవితచరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చియు, కవులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు మన బీరువాలలో గ్రంథములు పెక్కు గలవు. కనుక ఈసారి వైద్యశాస్త్రమున కృషిచేసిన ఒక ఆంధ్రుని గూర్చి వ్రాయుట బాగుండునని నాకు తోచినది. మన యూరి గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చు ఎఱ్ఱని మాత్రను చూడనివారుండరు. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను జీవసత్త్వము 500 మైక్రోగ్రాములు కలిసియుండును. ఆ పదార్థమును రసాయనశాలలో తయారుచేయు మార్గమును కనుగొనిన పరిశోధక బృందమునకు నాయకత్వము వహించినవారు మన గోదావరి సీమలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మాత్రను ఎఱిగినవారిలో నూటికొకరైనను ఆ పేరెఱుగుదురో లేదో నాకు సందేహమే.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాల్గవవారు. తండ్రి రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగము చేసినవారు. సంసారము పెద్దది, రాబడి తక్కువ. రాజమహేంద్రవరమున చదువుచుండగా పిల్లవానికి చదువుపై మనస్సు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోవుటయు, తల్లి వెదకి పట్టి తెప్పించుటయు జరిగినదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. తండ్రి గతించిన పిదప ఆ తల్లి తన నగలమ్మి కుమారుని చదివించినది. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మన విద్యార్థులు ఈ మాటను తమ కనుకూలముగా తీసికొందురేమో! ఆ మూడవ ప్రయత్నమునకు పిమ్మట ఆయన చదివిన చదువును కూడ వారు చూడవలెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున ఆయనకు రామకృష్ణ మఠమువారితో పరిచయమేర్పడి, సన్న్యసింపవలెనను కోరిక కలిగినది. తల్లి అంగీకరింపలేదు. అప్పుడాయన రోగులకు సేవచేయుటయే మార్గముగా నెంచి మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమెల్ల మ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో ధరించు అంగీని సైతము ఖద్దరుతో కుట్టించుకొనిరి. శస్త్రవైద్యాచార్యునిగా నున్న ఆంగ్లేయునికది గిట్టలేదు. తుదకు ఆయనకు లభించినది ఎం.బి.బి.యస్. పట్టము గాక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యోద్యోగములకు దారి మూసికొనిపోయినది.

ఆ దినములలోనే ఆ ఇంటిపై పిడుగు పడినది. స్ప్రూ అను వ్యాధిచే ఆయన సోదరులిరువురు ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. ఈ వ్యాధి ఉష్ణదేశములలో వచ్చునది; మన పెద్దలు సంగ్రహణి యనుదానికి మిక్కిలి దగ్గఱగా నుండును. నాలుక ఎఱ్ఱబారి పుండ్లుపడి, కారము కాదుగదా అన్నము కూడ తగులనీయదు. తిన్నది వంటబట్టక నురుగుతో కూడిన విరేచనములగును. రోగి నెలల తరబడి శుష్కించి, రక్తము క్షీణించి, పాలిపోయి ప్రాణము విడుచును. ఇంట వైద్యవిద్యార్థి యుండియు చేయగలిగినది లేకపోయినది. కొంతకాలమునకు అదే వ్యాధి సుబ్బారావుగారిని కూడ పట్టినది. ఆయుర్వేదమున ప్రసిద్ధులగు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రతికిరి. పిమ్మట వారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్ర బోధకులుగా కొంతకాలము పనిచేసిరి. ఆ మూలికలలో తన్ను బ్రతికించిన వస్తువేది, తన సోదరులకు లోపించిన వస్తువేది అను ప్రశ్న అప్పుడే ఆయన మనస్సున నాటుకొనియుండునని నేననుకొందును.

ఇక్కడ చదువరులొక సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. సుబ్బారావుగారి బాల్యమున విటమిను అను పేరే లోకమున లేదు. 1897లో డచ్చి వైద్యుడు ఐక్మన్ జావా ద్వీపమున, మిక్కిలి తెల్లగా పాలిషు పట్టిన బియ్యము తినిన కోళ్లకు కాళ్లు చచ్చుబడుటయు, తవుడు పెట్టగా అవి కోలుకొనుటయు కనిపెట్టి ప్రకటించెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి వ్యాధి కూడ అట్టిదే. మన ఉత్తరసర్కారు జిల్లాలు ఆ వ్యాధికి పేరుపడినవి. 1835లోనే మద్రాసునుండి దానిపై ఒక వైద్యగ్రంథము వెలువడినది. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి సూక్ష్మపదార్థములకు విటమినులని పేరు పెట్టెను. మనవారు వానిని జీవసత్త్వములనిరి. నేడు లెక్కకు వచ్చినవి 13. తవుడులోని బి-1, ఉసిరికలోను జామపండులోను సమృద్ధిగా నుండు సి, మునగాకును బొప్పాయియు ఇచ్చు ఎ, ఎండ సోకుటచే చర్మమున పుట్టు డి మొదలగువానిని గూర్చి మన పాఠశాలల పిల్లలు కూడ చెప్పగలరు. బి తెగలోనివి ఎనిమిది. సుబ్బారావుగారి జీవితము ఈ తెగతోనే పెనవేసికొనిపోయినది.

1919లో ఆయనకు శేషగిరిగారితో వివాహమైనది. అమెరికా పోయి ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదువవలెనని పట్టుదల కలుగగా, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు సహాయము చేయుదుమనిరి. మామగారును ధనము సమకూర్చిరి. 1920 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన ఓడయెక్కి బోస్టను నగరమునకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యపాఠశాలలో చేరిరి. ఆయన వెడలునప్పటికి భార్య గర్భవతి. పుట్టిన కుమారుడు ఏడాది నిండకయే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడలేదు. బోస్టనులో ఆయన జీవనము మిక్కిలి కష్టమైనది. మన దేశపు పట్టమునకక్కడ విలువ లేకపోవుటచే, వైద్యుడగు ఆయన రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పని చేసి పొట్టపోసికొనిరి. పగలు చదువు.

అటుపిమ్మట హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని చెంత చేరిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరము ఎంతయో కొలుచుటకు ఒక సులభపద్ధతిని వారిరువురు కనుగొని 1925లో ప్రకటించిరి. ద్రవమునకు తగిన రసాయనములు చేర్చినచో నీలిరంగు వచ్చును; ఆ రంగు చిక్కదనమును బట్టి భాస్వరపు పరిమాణమును తెలిసికొనవచ్చును. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేర తరతరముల విద్యార్థులు దానిని నేర్చికొనిరి. ఆ కొలబద్ద చేతికి వచ్చిన తరువాత వారు కండరములను పరీక్షించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును బయటపెట్టిరి. నాగలి దున్ను ఎద్దుకైనను, పరుగెత్తు బాలునికైనను తిన్న తిండి శక్తిగా మారి కండరమునకందునది ఈ ఏ.టి.పి. ద్వారముననే. అదే సమయమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు మొదటిదానిని, జర్మనీలో లోమన్ రెండవదానిని వేర్వేరుగ కనుగొనిరి; కనుక ఈ ఘనత అందరికిని పంచవలసినదే. అప్పటివఱకు కండరశక్తికి మూలము లాక్టిక్ ఆమ్లమను సిద్ధాంతము చెలామణిలో నుండెను. దాని కర్తలకు నోబెల్ బహుమానము సైతము ముట్టియుండెను. ఈ క్రొత్త పరిశోధనలతో అది నిలువలేదు.

1930లో సుబ్బారావుగారికి పి.హెచ్.డి. పట్టము లభించినది. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి ఎన్నడును దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థముల విషయము ఫిస్కే సకాలమున లోకమునకు వెల్లడికానీయకపోవుటచే, వానిని తరువాత ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదని ఆయన సహాధ్యాయి జార్జి హిచ్చింగ్స్ చెప్పియుండెను. ఈ హిచ్చింగ్స్ 1988లో నోబెల్ బహుమానము పొందినవాడు. సుబ్బారావుగారు మాత్రము ఈ సంగతిని వీధికెక్కించినవారు కారు. కొందఱు దీనిని ఔదార్యమందురు. నాకు మాత్రము కొంత నష్టముగానే తోచుచున్నది.

ఈ లోగా ఆయన దృష్టి కాలేయముపై పడినది. 1926లో బోస్టను వైద్యులగు మైనాట్, మర్ఫీయనువారు ప్రాణాంతకమగు ఒకజాతి పాండురోగమునకు జంతువుల కాలేయమును దినమునకు పావుకిలో వఱకు తినిపించి నయముచేసిరి. రోగులు ఆ తిండికి వెగటుపడుచుండిరి గనుక అందలి సారమును వేరుచేయవలసి యుండెను. మఱియొక దారి మన దేశమునుండియే తెరచుకొనినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బట్టలమిల్లుల కూలివారగు బీద గర్భిణీ స్త్రీలను పరీక్షించి, వారి రక్తహీనతకు కాలేయపు శుద్ధసారము పనిచేయకపోయినను, యీస్టుతో చేసిన మార్మైట్ అను చౌకసారము చక్కగా పనిచేయుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములోని మహిమ యేదో ఆమెకు దొరకలేదు. అన్నము, కొద్దిపాటి పప్పు తప్ప వేఱు లేని ఆ తల్లుల తిండిలో ఏదియో కొఱవడుచున్నదని మాత్రము స్పష్టమైనది.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లే ఔషధ పరిశోధనాలయమున చేరి, త్వరలోనే అక్కడి పరిశోధనలకెల్ల అధిపతియైరి. ఆ మఱుసటి సంవత్సరము టెక్సాసు విశ్వవిద్యాలయమువారు టన్నులకొలది పాలకూరను తెప్పించి, దాని సారమును క్రమముగా వడిగట్టి, సూక్ష్మజీవులను పెంచు ఒక పదార్థమును అతిస్వల్పముగా రాబట్టిరి. లాటిను భాషలో ఆకును ఫోలియం అందురు గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. ఆకునుండి పుట్టిన పేరే అది. 1943లో లెడర్లేలోని స్టాక్‌స్టాడ్ కాలేయమునుండి దానిని స్ఫటికరూపమున తీసెను. కాని రోగులకీయవలెనన్న అది చాలదు. టన్నుల కాలేయమునకు చిటికెడు వచ్చినచో ఎవ్వరికని పంచుట? దాని నిర్మాణమును విప్పి, రసాయనికముగా కట్టవలెను. సుబ్బారావుగారు రసాయనశాస్త్రజ్ఞులను, సూక్ష్మజీవశాస్త్రజ్ఞులను ఒక్కచోట కూర్చి ఆ పనికి పురికొల్పిరి. 1945 ఆగస్టులో కార్యము ఫలించినది. ఆ ప్రకటనపై పదునారుగురి పేర్లున్నవి; నాయకుని పేరు వారి నడుమ నెక్కడనో యున్నది.

ఆ సంవత్సరమునుండియే టామ్ స్పీస్ మొదలగు వైద్యులు క్రొత్త పదార్థమును రోగులకిచ్చి చూచిరి. క్యూబా, ప్యూర్టోరికో ద్వీపములలోని స్ప్రూ రోగులకు కొలది దినములలోనే నాలుక మానెను, ఆకలి పుట్టెను, క్రొత్త రక్తకణములు పెరిగెను. ఎనిమిది దినములలో ఇరువురు సోదరులను మ్రింగిన వ్యాధికి మందు తమ ప్రయోగశాలలోనే కుదిరినదని తెలిసిన నాడు ఆయన ఏమనుకొనిరో వ్రాసియుంచలేదు.

అయితే ఆయన ఆశించినదంతయు ఈ పదార్థమున లేదు. మైనాట్ చూచిన ఆ ప్రాణాంతక పాండురోగమున ఫోలిక్ ఆమ్లము రక్తమును బాగుచేసినను, నరముల చెడుగును ఆపలేకపోయినది. కాలేయమున రెండవ వస్తువొకటి మిగిలియున్నదని దీనివలన తేటపడెను. అదియే బి-12. దానికొఱకు లెడర్లేవారును వెదకిరి గాని, 1948లో మెర్క్ సంస్థవారును, ఇంగ్లండులోని గ్లాక్సో సంస్థవారును ముందుగ వేరుచేసిరి. ఈ భేదము మనకు నేటికిని ముఖ్యమైనది. ఫోలిక్ ఆమ్లము ఆకుకూరలలో నున్నది. బి-12 ఏ ఆకులోను, ఏ గింజలోను లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసము, కాలేయము దానికి స్థానములు. శాకాహారులు పాలు పెరుగులను కూడ తగ్గించుకొనినచో కాలక్రమమున అరికాళ్లు తిమ్మిరులెక్కుట, నడక తడబడుట, మరపు మొదలగునవి రావచ్చును. వైద్యుని అడుగక ఫోలిక్ ఆమ్లపు మాత్రలను మాత్రమే మ్రింగుచుండువారికి రక్తము బాగుగా కనబడుచుండగనే నరములు చెడుటకు అవకాశము కలదు.

ఇక ఫోలిక్ ఆమ్లమునకై మనము దూరము పోనక్కఱలేదు. పాలకూర, తోటకూర, మెంతికూర మొదలగు ఆకుకూరలలోను, పెసలు, సెనగలు, అలసందలు, కందిపప్పు, వేరుసెనగలలోను, నారింజపండులోను, గుడ్డులోను అది సహజరూపమున నున్నది. మాంసాహారులకు కాలేయము శ్రేష్ఠము. పెసలు మొలకెత్తినచో ఇది పెరుగును. కాని ఇది నీటిలో కరగును, ఎక్కువసేపటి వేడికి నశించును. ఆకుకూరను ఉడుకబెట్టి నీరు వార్చి పారబోయు ఇండ్లలో సగమువఱకు కాలువ పాలగును. కూరను తరుగకముందే కడిగి, కొద్ది నీటితో మూతపెట్టి వండి, ఆ నీటిని పప్పులోనో పులుసులోనో కలిపిన చాలును. గర్భిణికి నవమాసములకు కావలసినదంతయు కలిపినను ఒక గ్రాములో ఐదవ వంతునకు మించదు. ఆ కొంచెము లోపించినచో కలుగు కీడు పెద్దది. గర్భస్థశిశువు వెన్నుపాము ఏర్పడు నాళము మొదటి నాలుగు వారములలోనే మూసికొనును. అప్పటికి తల్లికి తాను గర్భవతినని తెలియకయే యుండవచ్చును. అట్టి లోపముగల శిశువును ఒకమారు కనిన తల్లులకు గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లమిచ్చి చూడగా, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 వంతులు తగ్గినదని 1991లో బ్రిటను వైద్యపరిశోధనా మండలివారు ప్రకటించిరి. మాత్ర ఎఱ్ఱగానున్నదనియు, వికారము పుట్టునదనియు చూరులో దాచు కోడండ్రు మన యూర నున్నారు. వారి అత్తగార్లు ఈ పుట చదివించుకొన్న మేలు.

ఫోలిక్ ఆమ్లము చేతికి వచ్చిన తరువాత దానికి శత్రువగు పదార్థమును కూడ ఆయన బృందమువారు కట్టిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలను చూచుచుండెను. ఫోలిక్ ఆమ్లపు జాతివి ఇచ్చినప్పుడు ఆ రోగము హెచ్చినట్లు తోచగా, దానిని అడ్డగించు మందు కావలెనని ఆయన కోరెను. లెడర్లేనుండి అమినాప్టెరిన్ వెళ్లినది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించినదానినిబట్టి, 16గురు పిల్లలలో 10మందికి రోగము కొంతకాలము వెనుదీసినది. అంతకుముందు ఆ రోగమున అట్టి మాటయే లేదు. దాని సోదరియగు మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకును, కొన్ని కీళ్లవాతములకును వాడబడుచున్నది. మన కోస్తాసీమను పట్టిపీడించిన బోదకాలు వ్యాధికి సర్కారువారు ఊరూర పంచిన డి.ఇ.సి. మాత్ర కూడ 1947లో హెట్రజాన్ అను పేర అక్కడినుండియే వచ్చినది. సుబ్బారావుగారి ప్రోత్సాహమున డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవులను వెదకి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదది.

ఆరియోమైసిన్ 1948 జూలైలో శాస్త్రజ్ఞుల సభ యెదుట ప్రకటింపబడినది. మఱుసటి నెలలోనే, ఆగస్టున, సుబ్బారావుగారు నిద్రలోనే గతించిరి. వయస్సు 53 సంవత్సరములు. ఓడయెక్కిన నాటినుండి మరల స్వదేశము చూడలేదు, భార్యను చూడలేదు. అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు ఆయన పేర సుబ్బరోమైసిస్ అని పేరిడిరి. 1995లో శతజయంతికి భారత తపాలాశాఖవారు బిళ్ల వెలువరించిరి.

స్ప్రూ వ్యాధి నేడు అరుదు. వచ్చినచో వైద్యులు కొన్ని నెలలపాటు రెండు మందులు కలిపి యిత్తురు. ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది టెట్రాసైక్లిన్.